పగలంతా ఇంట్లో ఉండే మనిషి

హైదరాబాదులో మూడేళ్ళ పిల్లాడు ఒక్క రోజులో ఎంతమంది చేతులు మారతాడో చూడండి. పొద్దున్నే తాతయ్య వేలు పట్టుకుని పాల ప్యాకెట్‌కి వెళ్ళొస్తాడు. నానమ్మ నలుగు పెట్టి నీళ్ళు పోస్తుంది. పనమ్మాయి గిన్నెలు తోముతుంటే పక్కన చేరి నీళ్ళు చిమ్ముతాడు; ఆవిడ విసుక్కుంటూనే వాడితో కబుర్లు చెబుతుంది. ఎదురు ఫ్లాట్ ఆంటీ దోసె ముక్క నోట్లో పెట్టి పంపిస్తుంది. సెల్లార్లో వాచ్‌మన్ పిల్లలతో చీకటి పడేదాకా ఆట. అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడి ఆకలీ, ఆటా, అల్లరీ చాలావరకు తీరిపోయి ఉంటాయి. ఇంతమంది కలిసి ఒక్క పిల్లాణ్ణి పెంచుతున్నారన్న సంగతి ఎవరి దృష్టికీ రాదు. ఎవరూ ఏర్పాటు చెయ్యకుండానే జరిగిపోతోంది కదా.

అదే పిల్లాణ్ణి తీసుకొచ్చి డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఒక అపార్ట్‌మెంట్లో పెట్టండి. నాన్న ఎనిమిదింటికి ఆఫీసుకి వెళ్ళిపోతాడు. మళ్ళీ సాయంత్రం ఆరయ్యేదాకా ఆ తలుపు తట్టేవాళ్ళు ఉండరు. ఊళ్ళో అయిదారుగురు పంచుకున్న పని ఇప్పుడు ఒక్క మనిషి మీద పడింది. చాలా ఇళ్ళలో ఆ మనిషి తల్లి. భార్య ఉద్యోగం మీద వచ్చి, పిల్లల్ని చూసుకునే భర్తలూ ఉన్నారు. ఈ అధ్యాయంలో తల్లి అన్న చోటల్లా వాళ్ళూ తమ పేరు చేర్చుకుని చదువుకోవాలి.

చిన్నపిల్లలతో దేశం దాటిన దంపతులు మొదట అడిగేవన్నీ పిల్లల గురించిన ప్రశ్నలే. మంచి స్కూలు ఎక్కడుంది, ఇంగ్లీషు ఎన్నాళ్ళకి వస్తుంది, అక్కడి తిండి తింటాడా అని. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ చెబుతాను. అయితే వాటన్నిటి కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పగలంతా ఇంట్లో ఉండే మనిషి ఆ ఊళ్ళో ఎప్పటికి నిలదొక్కుకుంటుంది? కొత్త దేశం ఎలాంటిదో చిన్నపిల్లలు కిటికీలోంచి చూసి తెలుసుకోరు, అమ్మ మొహం చూసి తెలుసుకుంటారు. ఆమె భయపడే చోటు వాళ్ళకీ భయమే, ఆమె నవ్వుతూ మాట్లాడిన మనిషి వాళ్ళకీ మనిషే. అందుకని మొదటి ఏడాది డబ్బూ, సమయమూ, ఓపికా ముందు ఆమె మీద పెట్టండి. నేను టెక్సస్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను, మన కుటుంబాలు వేలల్లో చేరిన చోటు కాబట్టి. వేరే రాష్ట్రమైతే చట్టాలు కాస్త మారతాయి గానీ ఇంటి లోపలి సంగతులు మారవు.

ముందు ఆమె చేతికి తాళాలు

హెచ్-1బి మీద వచ్చినవారి జీవిత భాగస్వామికి హెచ్-4 వీసా ఇస్తారు. దాని మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. 2015 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు గానీ, మామూలుగా అది భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు దాటాకే. అంటే గచ్చిబౌలిలో పదిమందితో టీమ్ నడిపిన అమ్మాయి, అక్కడ దిగిన రెండో వారానికి పాలు తేవడానికి భర్త ఎప్పుడొస్తాడా అని చూస్తుంటుంది. భర్త మంచివాడే కావచ్చు. అయినా అడిగి తీసుకోవడం, అడిగి వెళ్ళడం రోజూ జరిగితే మనిషి లోపల కుంగిపోతుంది. ఆ కుంగుబాటుకి అందరికంటే దగ్గరగా కూర్చుని ఉండేది మూడేళ్ళ పిల్లాడు.

కాబట్టి మొదటి నెలలోనే జరగాల్సినవి: ఆమె పేరు కూడా ఉన్న బ్యాంకు ఖాతా, ఆమె చేతిలో కార్డు, ఆమె పేరున ఫోను, ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు. సోఫా సెట్టు, పెద్ద టీవీ తర్వాత కొనుక్కోవచ్చు. టెక్సస్‌లో పాతికేళ్ళు నిండినవాళ్ళకి డ్రైవింగ్ కోర్సు తప్పనిసరి కాదు. రాత పరీక్ష, రోడ్డు పరీక్ష పాసవ్వాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదన్న కారణంగా ఆగిపోనక్కర్లేదు, లేదని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టే వీలుంది. లైసెన్సు గడువు మాత్రం అమెరికాలో ఉండటానికి ఇచ్చిన గడువుతో ముడిపడి ఉంటుంది, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి.

నేర్పేది భర్త కాకపోతేనే మంచిదని నా గట్టి అభిప్రాయం. పక్క సీట్లో భర్త, వెనక సీట్లో ఏడుస్తున్న పిల్లాడు, ఎదురుగా కుడివైపు నడిచే ట్రాఫిక్. ఈ మూడింటి మధ్య నేర్చుకున్నది డ్రైవింగ్ కంటే ఎక్కువగా భయమే అవుతుంది. శిక్షకుడికి డబ్బు కట్టి కొన్ని పాఠాలు పెట్టించండి. ఆ గంటసేపు పిల్లాణ్ణి ఇంట్లో నాన్న చూసుకోవాలి. ఇద్దరికీ అది మంచి అభ్యాసం.

కారు అన్నాక పిల్లల సీటు సంగతి చెప్పాలి. టెక్సస్‌లో ఎనిమిదేళ్ళు నిండని పిల్లలు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటితే తప్ప, వాళ్ళకి తగిన సీట్లోనే కూర్చోవాలి. సీటు మీద రాసి ఉన్న ఎత్తు, బరువు హద్దులు దాటేదాకా పసిపిల్లల్ని వెనక్కి తిరిగి ఉండేలాగే కూర్చోబెట్టమని అక్కడి పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు "గుడి ఇక్కడికిక్కడే కదమ్మా, ఒళ్ళో పెట్టుకుంటాలే" అంటారు. ప్రేమతోనే అంటారు. ఒప్పుకోకండి. అలాగే దుకాణం ముందు కారాపి "ఒక్క నిమిషం" అని పిల్లల్ని లోపల వదిలి దిగడం అసలే వద్దు. ఏడేళ్ళలోపు పిల్లల్ని పెద్ద తోడు లేకుండా అయిదు నిమిషాలకి మించి కారులో వదిలితే టెక్సస్‌లో నేరం. చట్టం సరే, అక్కడి వేసవిలో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగిపోతుంది. పసిప్రాణం తట్టుకోలేదు.

మనుషుల్ని సంపాదించుకోవడం

లైసెన్సు చేతికొచ్చాక మొదట వెళ్ళమని నేను చెప్పే చోటు పబ్లిక్ లైబ్రరీ. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్ళన్నిటిలోనూ చిన్నపిల్లలకి కథల గంట ఉంటుంది, రుసుము లేదు. తివాచీ పరిచిన గదిలో లైబ్రేరియన్ పెద్ద బొమ్మల పుస్తకం అందరికీ కనపడేలా తిప్పి పట్టుకుని చదువుతుంది. మధ్యలో చప్పట్ల పాట, చివర్లో సబ్బు బుడగలు. మొదటిరోజు మీవాడు మీ ఒళ్ళో, మీవైపే తిరిగి, మీ చున్నీ నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు. రెండోసారి మెడ తిప్పి చూస్తాడు. ఎన్నోసారికో బుడగల కోసం లేచి పరిగెడతాడు. తొందరపెట్టకండి. పక్క పిల్లల్ని చూపించి "చూడు, వాళ్ళు ఎలా ఆడుతున్నారో" అని అస్సలు అనకండి.

ఇక్కడ తల్లికి చెప్పే మాట వేరే ఉంది. కథ అయిపోగానే వచ్చెయ్యకండి. ఇరవై నిమిషాలు ఆగండి. ప్రతివారం అదే రోజు, అదే వేళకి వెళ్ళండి. మన ఊళ్ళో స్నేహాలు ఎలా పుట్టాయో గుర్తు చేసుకోండి: ఎదురుపడి ఎదురుపడి, చివరికి మాట కలిసింది. కొత్త ఊళ్ళో ఎవరూ తమంతట తాము ఎదురుపడరు కాబట్టి ఎదురుపడే చోటు మనమే పెట్టుకోవాలి. వారానికో కొత్త పార్కు, నెలకో కొత్త క్లాసు అని తిరిగితే ఊరు తెలుస్తుంది గానీ మనుషులు దొరకరు.

రెండో సలహా కొందరికి ఇబ్బందిగా ఉంటుంది: చిన్న సాయం అడగండి. "మావాడికి దద్దుర్లు వచ్చాయి, మీ డాక్టరు ఎవరు?" "పది నిమిషాలు వీణ్ణి చూస్తారా, పెద్దదాన్ని బాత్రూంకి తీసుకెళ్ళాలి." మనవాళ్ళకి ఇవ్వడం తెలుసు, గిన్నెడు పాయసం పంపడం తెలుసు, అడగడం దగ్గర బిగుసుకుపోతారు. అడిగినప్పుడే అవతలి మనిషి కూడా రేపు మిమ్మల్ని అడగగలుగుతుంది. పక్క పోర్షన్లో తెలుగువాళ్ళుంటే అదృష్టమే, కానీ వాళ్ళతోనే ఆగిపోవద్దు. రెండో అంతస్తు మెక్సికన్ అమ్మమ్మకి మన పిల్లల ఏడుపు ఎందుకో మనకంటే ముందే అర్థమవుతుంది.

మీరు ఎంతవరకు వచ్చారో తెలుసుకోవడానికి ఒక కాగితం ఉంది. స్కూల్లో చేర్చేటప్పుడు ఇచ్చే ఫారంలో, తల్లిదండ్రులు అందుబాటులో లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, పిల్లల్ని ఎవరు తీసుకెళ్ళవచ్చు అని అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ భర్త ఆఫీసు స్నేహితుడి పేరు రాస్తారు. అతను నలభై మైళ్ళ అవతల ఉంటాడు, పిల్లాడు అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఏడాది తిరిగేలోగా ఆ గడిలో, మీ పిల్లలు పేరుపెట్టి గుర్తుపట్టగల, పదిహేను నిమిషాల్లో స్కూలుకి చేరగల ఇద్దరి పేర్లు రాయగలగాలి. మిగతా లక్ష్యాలన్నీ దీని తర్వాతే పెట్టుకోండి.

మందుల డబ్బా, కాటుక, టీకాల పుస్తకం

ఊరి నుంచి వచ్చేటప్పుడు అందరూ జ్వరం సిరప్ తెచ్చుకుంటారు. ఇది జాగ్రత్తగా వినండి. మన దగ్గర పారాసిటమాల్ సిరప్ అయిదు మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాముల రకం, 250 మిల్లీగ్రాముల రకం దొరుకుతాయి. అమెరికాలో అదే మందుని అసిటమినోఫెన్ అంటారు, పిల్లల సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకి 160 మిల్లీగ్రాములు ఉంటుంది. "అక్కడ అయిదు ఎమ్మెల్ వేసేదాన్ని, ఇక్కడా అదే" అంటే లెక్క తప్పుతుంది. నాన్న ఒక సీసాలోంచి, అమ్మ ఇంకో సీసాలోంచి వేస్తే మరీ ప్రమాదం. ఇంట్లో ఒకే దేశపు సీసా ఉంచండి, పిల్లల డాక్టరు చెప్పిన మోతాదు బరువుతో సహా దానిమీద అంటించండి. మూడు నెలల్లోపు పాపకి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే ఇంట్లో మందు వేసి చూడకూడదు, వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. పిల్లలు ఏదైనా మింగేశారని అనుమానం వస్తే 1-800-222-1222కి ఫోన్ చెయ్యండి. రాత్రీ పగలూ పలుకుతారు. స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా నేరుగా 911.

టీకాల పుస్తకం అసలుదే చేతిసంచీలో పెట్టుకు రావాలి, పెట్టెలో వద్దు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తొమ్మిదో నెలలో వేసేది తట్టు, రుబెల్లా టీకా. అందులో గవదబిళ్ళల భాగం ఉండదు. అమెరికా స్కూళ్ళు మూడూ కలిసిన టీకా అడుగుతాయి, అదీ మొదటి పుట్టినరోజు తర్వాత వేసిందే లెక్క. ఆటలమ్మ టీకా కూడా అడుగుతారు, అది మన ప్రభుత్వ జాబితాలో లేదు. బడి తెరిచేది ఆగస్టు నడుమ. జులై ఆఖర్లో పరిగెత్తడం కంటే వచ్చిన నెలలోనే పిల్లల డాక్టరుకి పుస్తకం చూపిస్తే పిల్లాడికి ఒక్కరోజే నాలుగు సూదులు పడే అవస్థ తప్పుతుంది.

పెద్దవాళ్ళు నొచ్చుకునే సంగతి ఒకటి. కాటుక, సుర్మాల్లో సీసం ఉంటోందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిస్తూనే ఉంది. చంటిపిల్లల రక్తంలో సీసం ఎంతుందో అక్కడి డాక్టర్లు పరీక్ష చేయిస్తారు, ఎక్కువ కనపడితే ఇంట్లో వాడే కాటుకా, విడిగా తెచ్చుకున్న పసుపూ గురించి అడుగుతారు. కాటుక మానెయ్యండి. దిష్టిచుక్క పెట్టాలని ఉంటే అరికాలికి పెట్టుకునేందుకు కూడా సీసం లేదని పరీక్ష చేసినదే చూసుకోండి. ఏడాది నిండని పాప నాలుక మీద తేనె రాయవద్దు, దానివల్ల వచ్చే జబ్బు అరుదైనా ప్రాణం మీదికి వస్తుంది. నూనె మర్దనా, నలుగూ, జోలపాటా హాయిగా సాగనివ్వండి. సాంబ్రాణి పొగ మాత్రం అపార్ట్‌మెంట్లో పొగ అలారాన్ని మోగిస్తుంది, ఆ మోతకి అప్పుడే నిద్రపోయిన పాప హడలిపోతుంది.

బడిలో మాట్లాడని పిల్ల

టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్. నాలుగేళ్ళకే ఉచిత ప్రీకే కొందరికి దొరుకుతుంది. ఆ కొందరిలో ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని పిల్లలూ ఉన్నారు. ఈ విషయం తెలియక నెలకి వెయ్యి డాలర్లకి పైన పోసి ప్రైవేటు డేకేర్‌లో వేసేవాళ్ళని చూస్తూనే ఉంటాం. మీ స్కూల్ డిస్ట్రిక్టు ఆఫీసులో అడగండి.

చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లని వెనకబడ్డ క్లాసులో వేస్తారేమో అని భయపడి చాలామంది ఇంగ్లీషు అని రాసేస్తారు. తెలుగు మాట్లాడే ఇల్లయితే తెలుగు అనే రాయండి. దాన్నిబట్టి పిల్లకి చిన్న పరీక్ష పెడతారు, అవసరమైతే ఇంగ్లీషు నేర్పే టీచరు సాయం ఉచితంగా ఇస్తారు. ఆ సాయం పిల్లకి హక్కు. దాన్ని చేతులారా వదులుకోకూడదు.

ఆ తర్వాత రెండు మూడు నెలలకి టీచరు పిలిచి, "మీ అమ్మాయి క్లాసులో ఒక్క మాట మాట్లాడదు" అంటుంది. ఇంట్లో చూస్తే ఆ పిల్ల వాగుడుకాయ. తల్లి గుండె జారిపోతుంది. కొత్త భాషలో పడ్డ చిన్నపిల్లలు కొంతకాలం ఇలా మౌనంగా ఉండటం భాషానిపుణులకి బాగా తెలిసిన సంగతే. వాళ్ళు వింటున్నారు, పోగుచేసుకుంటున్నారు. ఆ రోజుల్లో ఇంట్లో ప్రశ్నల వర్షం కురిపించకండి. "ఇవాళ ఎవరితో మాట్లాడావు? ఏం మాట్లాడావు?" అన్నది ఆ పిల్లకి రెండో బడి. బదులుగా ముందే నాలుగు మాటలు చేతికివ్వండి: నీళ్ళు కావాలి, బాత్రూంకి వెళ్ళాలి, నొప్పిగా ఉంది, నేనూ ఆడతాను. వీటిని ఇంగ్లీషులో ఆటగా అనిపించండి. బాత్రూం మాట రాక మూడు గంటలు బిగబట్టుకుని, కారెక్కగానే ఏడ్చే పిల్లలున్నారు. ఇంగ్లీషు పద్యాల కంటే ముందు రావలసింది ఆ మాట. అయితే ఇంట్లో తెలుగులో కూడా మాటలు తగ్గిపోతే, పిలిచినా తిరిగి చూడకపోతే, అది వేరు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చెప్పాలి, "మా ఇంట్లో అందరూ ఆలస్యంగానే మాట్లాడారు" అన్న మాట నమ్మి కూర్చోకూడదు.

డబ్బాలో పులిహోర పెట్టేముందు క్లాసులో పల్లీలకి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. కొన్ని క్లాసుల్లో వేరుశెనగ పొడి తగిలినా ప్రమాదమయ్యే పిల్లలుంటారు, అది నిజమైన అపాయం. పల్లీలు మాని శెనగపప్పు, మినప్పప్పు పోపు వేసినా పులిహోర పులిహోరే. చేత్తో తినడం అలవాటైన పిల్లకి చెంచా వారం ముందు నుంచే ఇంట్లో ఇవ్వండి. చెయ్యి తప్పు అని మాత్రం చెప్పకండి, బడిలో చెంచా, ఇంట్లో చెయ్యి అంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు ఉండాల్సిన గడుల్లో సరిగ్గా ఉన్నాయో లేదో దేశం దాటకముందే చూసుకోండి. అవి తారుమారైతే క్లాసులో టీచరు పిల్లని ఇంటిపేరుతో పిలుస్తుంది, ఆ పిల్లకి తననే పిలుస్తున్నారని తెలియదు.

తెలుగు గురించి కొంత. ఏడాది తిరిగేసరికి మీరు తెలుగులో అడిగితే వాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారు. కోప్పడితే తెలుగు శిక్షలా తయారవుతుంది, వదిలేస్తే జారిపోతుంది. వాళ్ళు ఇంగ్లీషులో అన్నదాన్నే మీరు తెలుగులో అని, కబురు ముందుకి నడపండి. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి, తానా పాఠశాల కూడా, వారాంతాల్లో అక్షరాలు నేర్పుతున్నాయి. బడి ఈడు రాగానే పంపండి. కానీ వారానికి రెండు గంటల క్లాసు ఇంటి మాటకి బదులు కాలేదు. తెలుగు తప్ప ఇంకోటి రాని మనిషి ఒకరు పిల్లల జీవితంలో ఉంటే అన్నిటికంటే బాగా నిలుస్తుంది. అంటే అమ్మమ్మ, నానమ్మ.

అమ్మమ్మ ఫోనులో, అమ్మమ్మ ఇంట్లో

డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, నవంబరు నుంచి మార్చి దాకా పదకొండున్నర. అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ మర్నాడు పొద్దున ఆరున్నరో ఏడున్నరో. "అమ్మమ్మకి హాయ్ చెప్పు, ఆ పాట పాడు, ముద్దు పెట్టు" అని ఫోను మొహం మీద పెడితే పిల్లలు రెండు నిమిషాల్లో పారిపోతారు. అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటుంది. దీనికి బదులు ఫోను బియ్యం డబ్బాకి ఆనించి పెట్టండి. అటు అమ్మమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటుంది. ఇటు పిల్లకి ఒక గిన్నె, నాలుగు చిక్కుడుకాయలు ఇవ్వండి. "అలా కాదే, చివర తుంచి కిందకి లాగు." పిల్ల లాగుతుంది, ఈనె తెగిపోతుంది, అమ్మమ్మ నవ్వుతుంది. అరగంట ఎలా గడిచిందో ఎవరికీ తెలియదు. మధ్యలో ఇద్దరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు; ఇంట్లో అమ్మమ్మ ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారా?

వాళ్ళు సందర్శక వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. కానుపుకి ఒక అమ్మ, ఆమె వెళ్ళగానే ఇంకో అమ్మ వచ్చేలా చాలా ఇళ్ళలో ఏర్పాటు చేసుకుంటారు. మంచిదే. అయితే వచ్చిన పెద్దవాళ్ళు కూడా పగలంతా ఇంట్లో ఉండే మనుషులే అయిపోతారని మరిచిపోకండి. కారు లేదు, భాష లేదు, పక్కింటి పలకరింపు లేదు. రోజుకి పది గంటలు పసిపిల్లని ఎత్తుకోవడం అరవై దాటిన మోకాళ్ళ పని కాదు. వారంలో రెండు సాయంత్రాలు వాళ్ళని గుడికో, పార్కుకో, తోటివాళ్ళు చేరే చోటికో తీసుకెళ్ళండి. సందర్శకుల బీమా పాత జబ్బులకి చాలావరకు వర్తించదు, కాబట్టి బీపీ, షుగరు మాత్రలు చీటీతో సహా సరిపడా తెచ్చుకోవాలి.

ఇంకో ఏర్పాటు ఉంది, దాని గురించి మనసులో మాట చెప్పాలి. ఇద్దరూ ఉద్యోగాల్లో ఉండి, డేకేర్ ఖర్చు మోయలేక, ఆరు నెలల పాపని అమ్మమ్మతో ఇండియాకి పంపేస్తారు. రెండేళ్ళ తర్వాత తెచ్చుకుంటారు. కొందరికి వేరే దారి ఉండదు, వాళ్ళని నిందించే హక్కు ఎవరికీ లేదు. కానీ దారి ఉంటే పంపకండి. రెండున్నరేళ్ళ పాపకి అమ్మ అంటే ఒళ్ళో పడుకోబెట్టుకున్న అమ్మమ్మే. ఆ ఒడి నుంచి తీసి, ఫోనులో కనపడే ఇద్దరి దగ్గరికి తెచ్చినప్పుడు పెద్దవాళ్ళకి అది కలయిక, పాపకి ఎడబాటు. తప్పనిసరై పంపినవాళ్ళు తిరిగి తెచ్చుకునేటప్పుడు అమ్మమ్మని కూడా తీసుకొచ్చి కనీసం రెండు నెలలు అట్టిపెట్టుకోండి. స్నానం, అన్నం, నిద్ర ఒక్కొక్కటిగా అమ్మ చేతికి మారాలి. పాప రాత్రుళ్ళు అమ్మమ్మ కోసం ఏడిస్తే "నేనే మీ అమ్మని" అని వాదించకండి, "అమ్మమ్మ గుర్తొచ్చిందా, నాకూ గుర్తొచ్చింది" అనండి.

భర్తలు చెయ్యాల్సింది

ఆఫీసు నుంచి వచ్చి పది నిమిషాలు పిల్లల్ని ఎగరేసి ఆడిస్తే సరిపోయే రోజులు పోయాయి. సాయంత్రం స్నానం, అన్నం, నిద్ర, ఈ మూడింటిలో కనీసం రెండు మీవి కావాలి. రోజూ. శనివారం పొద్దున మూడు గంటలు ఆమె ఒంటరిగా బయటికి వెళ్ళాలి, సరుకులకి కాదు, తన పనికి. కాలిన్ కాలేజీలోనో డాలస్ కాలేజీలోనో ఒక కోర్సు కావచ్చు, నడక కావచ్చు, ఊరికే కూర్చోవడం కావచ్చు. ఆ మూడు గంటల్లో "డైపర్లు ఎక్కడున్నాయి" అని ఫోన్ చెయ్యకండి, వెతుక్కోండి. పిల్లల డాక్టరు పేరు, షూ సైజు, ఏ కూర తినరో మీకూ తెలిసి ఉండాలి. పాప పుడితే 30 రోజుల్లోగా ఆఫీసు బీమాలో పేరు చేర్చడం మీ పని; గడువు దాటితే చాలా పథకాల్లో ఏడాది చివరి దాకా ఆగాలి.

ఆమె నిద్రపోకపోతున్నా, తిండి మీద ధ్యాస పోయినా, కారణం లేకుండా ఏడుస్తున్నా, పాపని ఎత్తుకోవాలని లేదన్నా, "సర్దుకుంటుందిలే" అనుకోకండి. గర్భిణులకీ, బాలింతలకీ 2022లో అమెరికా ప్రభుత్వం ఉచిత ఫోను సాయం మొదలుపెట్టింది: 1-833-852-6262. ఏ వేళైనా చెయ్యవచ్చు, దుబాసీ కావాలని అడగవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఎవరైనా 988కి చెయ్యవచ్చు. ఇంట్లోనే చెయ్యి చేసుకునే భర్త ఉంటే 1-800-799-7233. వీసా భర్త పేరు మీద ఉన్నంత మాత్రాన దెబ్బలు పడాల్సిన పని లేదు, అక్కడి చట్టం వీసా చూసి కాపాడదు. పిల్లల మీద చెయ్యి ఎత్తడం గురించి కూడా ఇక్కడే: ఒంటిమీద వాత కనపడితే టీచరు ఫిర్యాదు చేసి తీరాలి, ఆమెకి వేరే దారి లేదు. ఆ భయంతో కాకపోయినా, ఇల్లు తప్ప ఇంకే ఆసరా లేని చోట పిల్లలకి ఆ ఇల్లు దెబ్బ తగలని చోటు కావాలి.

మొదటిసారి ఊరికి

రెండో ఏట చాలామంది మొదటి ప్రయాణం పెట్టుకుంటారు. అక్కడ పుట్టిన పాపకి అమెరికా పాస్‌పోర్టు కావాలంటే పదహారేళ్ళలోపు పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళి సంతకం పెట్టాలి, లేదా రానివారు నోటరీ చేసిన సమ్మతి పంపాలి. ఆ పైన ఇండియా వీసానో ఓసీఐ కార్డో. నెలలు పట్టే పని, టికెట్లు కొన్నాక మొదలుపెట్టకండి. ఊరెళ్ళాక మూడు వారాల్లో ఆరు ఊళ్ళు, నాలుగు పెళ్ళిళ్ళు అని తిప్పితే పిల్లలకి గుర్తుండేది కారు, వాంతులు, తెలియని బుగ్గగిల్లుళ్ళు. ఒక ఇల్లు ఎంచుకోండి. కనీసం పది రోజులు ఆ ఒక్క ఇంట్లోనే ఉండండి. తాతయ్యతో పాల ప్యాకెట్‌కి, ఎదురు ఫ్లాట్ ఆంటీ దగ్గర దోసె ముక్కకి వాళ్ళు తమంతట తాము వెళ్ళేంత కాలం ఇవ్వండి. బంధువులు "మీవాడు తెలుగు మాట్లాడడేం?" అంటే వాడి ముందు సంజాయిషీ చెప్పకండి, "మాట్లాడతాడు, మీరు వాడితో ఆడండి" అని పిల్లాణ్ణి వాళ్ళ చేతికివ్వండి.